క్యూ30 సరే, డేటా ఎటు మొగ్గింది?

బెంగళూరు ల్యాబుల్లో పనిచేసే మనవాళ్ళలో సొంత సీక్వెన్సర్ (డీఎన్ఏ అక్షరాలు చదివే యంత్రం) పక్కన కూర్చునేవాళ్ళు తక్కువ. ఎలహంక వైపో హెబ్బాళ్ వైపో డీఎన్ఏ తీసి, ట్యూబులు ఐసులో సర్ది, ఊరికి ఆ చివరనున్న సర్వీసు ల్యాబుకు పంపిస్తారు. కొన్ని వారాలకు, చదివిన వరుసలుండే ఫాస్ట్‌క్యూ ఫైళ్ళూ ఒక పేజీ రిపోర్టూ వస్తాయి. రిపోర్టులో కొట్టొచ్చినట్టు కనిపించే అంకె ఒకటే: నాణ్యతలో క్యూ30 దాటిన బేసులు (ఎ, సి, జి, టి అక్షరాలు) ఎంత శాతమని. అది 85 పైన ఉంటే ఊపిరి పీల్చుకుని అలైన్‌మెంటు (చదివిన ముక్కల్ని తెలిసిన జీనోమ్‌తో సరిపోల్చడం) మొదలుపెట్టేస్తారు. తేడా బయటపడేది ఏ నెల తర్వాతో, వేరియంట్ల (జీనోమ్‌లో అక్షర తేడాల) పట్టికలోనో జీన్ కవరేజీలోనో (ఒక్కో చోటును ఎన్నిసార్లు చదివారన్న లెక్కలో). అప్పటికి ఫ్లో సెల్ (డీఎన్ఏ ముక్కలు అంటుకునే గాజు పలక) చెత్తబుట్టకు చేరి ఉంటుంది, లైబ్రరీ (చదవడానికి సిద్ధం చేసిన ముక్కల) ట్యూబులో రెండు మైక్రోలీటర్లు మిగిలి ఉంటాయి. ఆ నెల వృథా కాకుండా మొదటి రోజే ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

క్యూ అంటే ఏమిటో ముందు సూటిగా చెప్పుకుందాం. ఫిల్ గ్రీన్, బ్రెంట్ యూయింగ్ 1998లో ఫ్రెడ్ ప్రోగ్రాంతో పాటు ప్రచురించిన కొలత ఇది. క్యూ20 అంటే ఆ బేసు తప్పయ్యే అవకాశం 100లో ఒకటి, క్యూ30 అంటే 1000లో ఒకటి. యంత్రం తనకు కనిపించిన వెలుగును ఎంత నమ్మకంగా చదివిందన్న అంచనా ఇది, అంతే. ఆ వెలుగునిచ్చిన అణువు మీ శాంపిల్‌లోని అణువుకు నిజమైన నకలేనా, మధ్యలో రసాయనికంగా దెబ్బతిన్నదా, పక్క శాంపిల్‌ది వచ్చి చేరిందా, రావాల్సిన అణువు పీసీఆర్‌లోనే (ముక్కలకు నకళ్ళు పెంచే దశలోనే) ఆగిపోయిందా, ఇవేవీ క్యూకు తెలియవు. అందుకే క్యూ పడిపోయిన డేటా కన్నా, క్యూ బాగుండి ఒకవైపు మొగ్గిన డేటా అంటేనే నాకు ఎక్కువ భయం. మొదటిది తన జబ్బు తానే చెప్పుకుంటుంది. రెండోదాన్ని మనం అడిగి చెప్పించుకోవాలి.

అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ తేడా దేని వెంట మారుతోంది? సైకిల్ వెంటా, టైల్ వెంటా, శాంపిల్ వెంటా, ఇండెక్స్ వెంటా, జీసీ శాతం వెంటా, రీడ్ దిశ వెంటా? (సైకిల్ అంటే ఒక్కో అక్షరం చదివే అడుగు, టైల్ ఫ్లో సెల్ మీద ఒక గడి, ఇండెక్స్ ఒక్కో శాంపిల్‌కు తగిలించే గుర్తు వరుస, జీసీ శాతం జి, సి అక్షరాల వాటా, రీడ్ యంత్రం చదివిన ఒక వరుస.) సమాధానం దొరికితే కారణం సగం దొరికినట్టే. దొరక్కముందే ట్రిమ్మింగ్ (రీడ్ల చివరలు కోయడం) మొదలుపెడితే ఆనవాళ్ళు తుడిచేసుకున్నట్టు.

కాబట్టి ముడి ఫైళ్ళనే చూడండి. ఒక్కో శాంపిల్ నుంచి రెండు లక్షల రీడ్ జతలు చాలు. సెక్‌టీకే ప్రోగ్రాం శాంపిల్ కమాండుతో తీసేటప్పుడు ఆర్1కూ ఆర్2కూ (ముక్కను రెండు చివరలనుంచి చదివిన రెండు ఫైళ్ళకూ) ఒకే సీడ్ (యాదృచ్ఛిక ఎంపికకు మొదలు సంఖ్య) ఇవ్వాలి, లేకపోతే జతలు తప్పిపోతాయి. ఫైలు మొదట్లోంచి రెండు లక్షలు కత్తిరించుకోవద్దు. ఫాస్ట్‌క్యూలో రీడ్లు టైల్ వరుసలో ఉంటాయి, మొదటివన్నీ 1101 లాంటి తొలి టైళ్ళవే. ఫ్లో సెల్ మొత్తానికి ఒక మూల సాక్ష్యం చెప్పినట్టవుతుంది. అన్ని శాంపిళ్ళనూ ఒకే సంఖ్యకు దించడం ఇంకో కారణానికి కూడా అవసరం: డూప్లికేట్ల (ఒకే ముక్క నకళ్ళ) శాతం లోతుతో (ఎన్ని రీడ్లు చదివారన్నదానితో) పాటు పెరుగుతుంది, లోతు వేరైన రెండు శాంపిళ్ళ డూప్లికేట్లను పోల్చడం అర్థం లేని పని. తర్వాత నాణ్యత బొమ్మలు గీసే ఫాస్ట్‌క్యూసీ, దాని ఫలితాల్ని ఒకచోట చేర్చే మల్టీక్యూసీ నడిపి అన్ని శాంపిళ్ళనూ ఒకే బొమ్మలో పక్కపక్కన చూడండి. ఒక శాంపిల్‌ను ఒంటరిగా చూస్తే ఏది మామూలో ఏది కాదో తేలదు.

సర్వీసు ల్యాబును ఫైళ్ళతో పాటు మరికొన్ని అడగాలి. యంత్రం రన్ కొలతలుండే ఇంటర్‌ఆప్ ఫోల్డరు, రన్‌ఇన్ఫో, రన్‌పారామీటర్స్ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళు, అన్‌డిటర్మిన్డ్ (ఏ శాంపిల్‌దో తేలని రీడ్ల) ఫాస్ట్‌క్యూలు, లైబ్రరీ ముక్కల పొడవు చూపే టేప్‌స్టేషన్ లేదా బయోఎనలైజర్ బొమ్మ, పీసీఆర్ ఎన్ని సైకిళ్ళు చేశారు, ఎన్ని పికోమోలార్లు లోడ్ చేశారు, ఫైఎక్స్ (సరిచూసుకోవడానికి కలిపే వైరస్ డీఎన్ఏ) ఎంత శాతం కలిపారు. ఇవన్నీ ఆర్డరు కాగితంలోనే రాయించుకోండి. రన్ అయిపోయి కొన్ని నెలలు గడిచాక అడిగితే సర్వర్‌లోంచి తీసేసి ఉండొచ్చు. ఇంటర్‌ఆప్ ఫైళ్ళను యంత్రం తయారుచేసే ఇల్యుమినా వారి సీక్వెన్సింగ్ ఎనాలిసిస్ వ్యూయర్‌లో తెరిస్తే సైకిల్ వారీగా, టైల్ వారీగా వెలుగు తీవ్రత, ఫేజింగ్, ఫైఎక్స్ తప్పుల శాతం కనిపిస్తాయి. ఈ చివరిది చాలా విలువైనది. ఫైఎక్స్174 వైరస్ జీనోమ్ 5,386 బేసులు, 1977లోనే సాంగర్ బృందం చదివేసినది, ప్రతి అక్షరమూ తెలిసినది. క్యూ అంచనా అయితే ఫైఎక్స్ తప్పుల శాతం కొలత. అంచనా ఒకటి చెప్పి కొలత ఇంకొకటి చెబితే కొలతనే నమ్మండి.

సైకిల్ వెంట మారితే

రీడ్ చివరికి వెళ్ళేకొద్దీ క్యూ తగ్గడం మామూలే. ఎందుకు తగ్గుతుందో తెలిస్తేనే ఎంత తగ్గితే మామూలు కాదో తెలుస్తుంది. ఇల్యుమినా ఫ్లో సెల్ మీద ఒక్కో క్లస్టర్‌లో ఒకే ముక్కకు వెయ్యి దాకా నకళ్ళుంటాయి. కోలాటం ఊహించుకోండి. వెయ్యిమంది ఒకేసారి అడుగు వెయ్యాలి, అప్పుడే రంగు స్పష్టంగా ఉంటుంది. ప్రతి అడుగుకూ వెయ్యికి ఇద్దరు ఒక అడుగు వెనకబడ్డారనుకుందాం, అంటే ఫేజింగ్ 0.2 శాతం. 150వ అడుగుకు తాళం తప్పనివాళ్ళు 740 మంది, 300వ అడుగుకు 550 మంది. అదే 0.5 శాతమైతే 150కే 470కి పడిపోతారు, సగం కన్నా తక్కువ. అంకె చిన్నదిగా కనిపిస్తుంది కానీ సైకిల్ సైకిల్‌కూ గుణించుకుంటూ పోతుంది. ఒక రన్‌లో ఫేజింగ్ మీ యంత్రం మామూలు అంకెకు రెండింతలుంటే లైబ్రరీని అనుమానించకముందు రీఏజెంట్లను, వాష్‌ను, గది ఉష్ణోగ్రతను చూడాలి.

గది విషయం బెంగళూరులో ప్రత్యేకంగా చెప్పాలి. ఊరు చల్లనిదన్న నమ్మకంతో రాత్రిపూట ఏసీ ఆపేసే ల్యాబులుంటాయి. మైసీక్ లాంటి యంత్రానికి గది 19 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి, రన్ జరుగుతున్నంతసేపూ రెండు డిగ్రీలకు మించి అటూ ఇటూ కాకూడదు. 2×300 రన్ (రెండు చివరలనుంచి 300 బేసుల చొప్పున) రెండు రోజులకు పైగా నడుస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ మధ్య ఏసీ లేని గది రెండు డిగ్రీల్లో ఉండదు. యంత్రం పక్కన ఒక చిన్న ఉష్ణోగ్రత లాగర్ పెట్టి, క్యూ పడిన సైకిళ్ళు గడియారంలో ఏ గంటలకు వచ్చాయో సరిపోల్చి చూడండి.

నెమ్మదిగా జారే గీత వేరు, ఉన్నట్టుండి పడే గుంట వేరు. అన్ని టైళ్ళలోనూ ఒకే సైకిల్ దగ్గర గుంట పడితే ఆ సైకిల్‌లో రీఏజెంటు అందలేదనో ఫోకస్ తప్పిందనో అర్థం. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు యూపీఎస్ తడబడితే కూడా ఇలాగే కనిపిస్తుంది. గుంట కొన్ని టైళ్ళకే పరిమితమైతే బుడగ. ఫాస్ట్‌క్యూసీలో టైల్ వారీ బొమ్మ నీలం మధ్య ఎర్ర గీతలుగా దాన్ని చూపిస్తుంది. రీడ్ పేరులో యంత్రం, రన్, ఫ్లో సెల్, లేన్, టైల్, ఎక్స్, వై వరుసగా కోలన్లతో ఉంటాయి. ఐదో గడి టైల్. నాలుగంకెల టైల్ సంఖ్యలో మొదటిది పై ఉపరితలమా కింది ఉపరితలమా, రెండోది స్వాత్ (టైళ్ళ పట్టీ), చివరి రెండూ టైల్ వరుస. చెడ్డ టైళ్ళ రీడ్లను బీబీమ్యాప్ పొట్లంలోని ఫిల్టర్‌బైటైల్ తీసేస్తుంది. బుడగ అన్ని శాంపిళ్ళ మీదా సమానంగా పడుతుంది కాబట్టి ఇది నష్టమే కానీ మోసం కాదు. దీని మీద ఎక్కువ సమయం పెట్టొద్దు.

మొదటి పది పదమూడు బేసుల్లో ఎ, సి, జి, టి గీతలు ఎగుడుదిగుడుగా ఉంటే కంగారుపడి కత్తిరించొద్దు. ఆర్‌ఎన్‌ఏ-సీక్‌లో అది ర్యాండమ్ హెక్సామర్లు (ఆరక్షరాల ప్రైమర్లు) అంటుకునే తీరు. నెక్స్‌టెరా లాంటి కిట్లలో టీఎన్5 ట్రాన్స్‌పోజేస్ (డీఎన్ఏను కోసే ఎంజైమ్) ఎక్కడ కోయడానికి ఇష్టపడుతుందన్నది. ఏ స్థానంలోనైనా ఎ-టి లేదా జి-సి మధ్య తేడా 20 శాతం దాటితే ఫాస్ట్‌క్యూసీ ఎర్ర గుర్తు పెడుతుంది, ఈ రెండు రకాల లైబ్రరీలకూ ఆ గుర్తు దాదాపు ఖాయం. ఆ బేసులు తప్పు కావు, నిజంగా ఉన్నవే. కత్తిరించినంత మాత్రాన ఏ ముక్కలు ఎంపికయ్యాయన్న మొగ్గు పోదు, రీడ్ పొట్టిదవుతుంది, అంతే.

ఆర్2 కొంచెం బలహీనంగా ఉండటమూ మామూలే. కొంచెం కాదు, బాగా పడితే ఇన్సర్ట్ (కొసలకు అతికించే అడాప్టర్ వరుసల మధ్యనున్న అసలు ముక్క) పొడవు చూడండి. 600 బేసులు దాటిన ముక్కల క్లస్టర్లు పరుచుకుపోయి మసకబారతాయి. లోడింగ్ ఎక్కువైనా ఇదే వరస. మైసీక్ వీ3 కిట్‌కు చదరపు మిల్లీమీటరుకు 12 నుంచి 14 లక్షల క్లస్టర్లు సరైన సాంద్రత, అది దాటితే పక్కపక్క క్లస్టర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లోడింగ్ తప్పడానికి ఎక్కువసార్లు కారణం లెక్కే. నానోగ్రాముల్ని పది లక్షలతో గుణించి, 660తో, సగటు పొడవుతో భాగిస్తే నానోమోలార్. మైక్రోలీటరుకు 2 నానోగ్రాముల లైబ్రరీ 450 బేసుల సగటుకు 6.7 నానోమోలార్. సగటును పొరపాటున 300గా తీసుకుంటే 10.1 అని తేలుతుంది, అంటే మూడో వంతు తక్కువ లోడ్ చేస్తారు. క్యూబిట్ (డీఎన్ఏ మోతాదు కొలిచే పరికరం), అడాప్టర్ లేని ముక్కల్నీ కలిపి లెక్కపెడుతుంది, క్యూపీసీఆర్ క్లస్టర్ కాగలిగినవాటినే లెక్కపెడుతుంది. పూల్ చేసే (శాంపిళ్ళ లైబ్రరీలు కలిపే) ముందు క్యూపీసీఆర్‌కు అయ్యే ఖర్చు దండగ కాదు.

చీకటి ‘జి’

ఇది వివరంగా రాయాలి, ఎందుకంటే క్యూ30ను నమ్మినవాళ్ళను ఎక్కువగా ముంచేది ఇదే. హైసీక్, మైసీక్‌లలో నాలుగు బేసులకు నాలుగు రంగులు. నెక్స్ట్‌సీక్ 500, మినీసీక్, నోవాసీక్ 6000లలో రెండే రంగులు: సి ఎరుపు, టి ఆకుపచ్చ, ఎ రెండూ, జి ఏదీ కాదు. అంటే జి అన్నది వెలుగు కాదు, వెలుగు లేకపోవడం. రాత్రిపూట వీధిలో దీపం లేని ఇల్లు కనిపిస్తే లోపల మనుషులు నిద్రపోతున్నారో, ఇల్లే ఖాళీయో బయటినుంచి తెలియదు. యంత్రానికీ అంతే. ముక్క అయిపోయినా, క్లస్టర్ చచ్చిపోయినా ‘జి’ అని రాస్తుంది, అదీ మంచి క్యూతో రాస్తుంది.

బొమ్మలో ఇలా కనిపిస్తుంది: రీడ్ చివరికి జి గీత పైకి లేస్తుంది, క్యూ గీత మాత్రం పచ్చరంగులోనే హాయిగా ఉంటుంది. జీసీ పంపిణీలో కుడి చివర, 100 శాతం దగ్గర, చిన్న బొడిపె లేస్తుంది. ఎక్కువసార్లు వచ్చిన వరుసల జాబితాలో వరసగా జి-లే ఉన్న రీడ్ వస్తుంది. ఇక్కడితో ఆగి ట్రిమ్ చేసేయకుండా జి-ల తోక ఎక్కడ మొదలైందో చూడాలి. కారణాలు మూడు, మూడింటికీ మందు వేరు.

తోకకు ముందు అడాప్టర్ ఉంటే, అంటే ట్రూసీక్ అయితే ‘ఎజిఎటిసిజిజిఎఎజిఎజిసి’, నెక్స్‌టెరా అయితే ‘సిటిజిటిసిటిసిటిటిఎటిఎ’ కనిపించి ఆపైన ఇండెక్స్, ఆపైన జి-లు వస్తే, ఇన్సర్ట్ పొట్టిది. రీడ్ ముక్కను దాటి, అడాప్టర్‌ను దాటి, శూన్యంలోకి వెళ్ళింది. మందు ల్యాబులో ఉంది: ముక్కలు చేసే సమయం తగ్గించాలి, బీడ్ల (డీఎన్ఏను పట్టి పొట్టి ముక్కల్ని వదిలించే అయస్కాంత పూసల) నిష్పత్తి సరిచూడాలి. రీడ్ మొదటి బేసు నుంచే అడాప్టర్ మొదలైతే అది అడాప్టర్ డైమర్ (మధ్యలో ముక్క లేకుండా అతుక్కున్న రెండు అడాప్టర్లు), టేప్‌స్టేషన్‌లో 120-130 బేసుల దగ్గర చిన్న మొనగా కనిపిస్తుంది. పొట్టివి క్లస్టర్లుగా త్వరగా ఎదుగుతాయి కాబట్టి చిన్న మొనను చిన్నదిగా తీసుకోకండి. నోవాసీక్ లాంటి గుంటల (క్లస్టర్లకు ముందే చెక్కిన గుంటలున్న) ఫ్లో సెల్‌కు డైమర్ అర శాతం లోపే ఉండాలి. 50 మైక్రోలీటర్ల లైబ్రరీకి 40 మైక్రోలీటర్ల బీడ్లు, అంటే 0.8 రెట్లు వేసి ఇంకోసారి కడిగితే చాలావరకు పోతుంది.

అడాప్టర్ లేకుండా రీడ్ మధ్యలో జి-లు మొదలైతే అది వెలుగు సన్నగిల్లడం. ఇక ఆర్1 బాగుండి ఆర్2 మొదటి బేసు నుంచి చివరిదాకా జి-లే అయితే, జత తిప్పే దశలో ఆ క్లస్టర్‌లో రెండో పోగు తయారు కాలేదు. అలాంటి రీడ్లు ఏ టైళ్ళలో ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకచోట గుమిగూడితే ఫ్లో సెల్ లోపం, అంతటా సమంగా ఉంటే రీఏజెంటుదో లైబ్రరీదో.

వెలుగు తగ్గడం వల్ల ఇంకో మొగ్గు కూడా పుడుతుంది. ఆకుపచ్చ తగ్గితే టి కాస్తా జి అవుతుంది, ఎ కాస్తా సి అవుతుంది. ఎరుపు తగ్గితే సి జి అవుతుంది, ఎ టి అవుతుంది. అంటే రెండు రంగుల యంత్రంలో తప్పులు నాలుగు వైపులకూ సమానంగా చెదరవు, జి వైపు ఒరుగుతాయి. మీ వేరియంట్ల పట్టికలో టి నుంచి జి మార్పులు మూకుమ్మడిగా కనిపించి, అవన్నీ రీడ్ చివరి మూడో వంతులోనే ఉంటే, జీవశాస్త్రం వెతకడం ఆపి ఇక్కడ వెతకండి.

సాఫ్ట్‌వేర్ మందు విషయానికొస్తే, మామూలు క్యూ ట్రిమ్మింగ్ దీనికి పనిచెయ్యదు, ఎందుకంటే ఈ జి-ల క్యూ బాగానే ఉంటుంది. ఫాస్ట్‌పీ రీడ్ పేరును బట్టి నెక్స్ట్‌సీక్, నోవాసీక్ డేటాను గుర్తుపట్టి పదికి మించిన జి తోకను తానే కోస్తుంది. కానీ సర్వర్‌లో రీడ్ పేర్లు మార్చేసిన ఫైళ్ళు ఇస్తే గుర్తుపట్టలేదు, అప్పుడు పోలీ-జి ఐచ్ఛికాన్ని మీరే పెట్టాలి. కట్‌అడాప్ట్‌లో నెక్స్ట్‌సీక్-ట్రిమ్ 20 అని ఇస్తే జి-ల క్యూను పట్టించుకోకుండా కోస్తుంది. కొయ్యకుండా వదిలేస్తే ఆ రీడ్లు జీనోమ్‌లో జి-లు వరసగా ఉన్న కొద్దిచోట్ల కుప్పపడి అక్కడ లేని వేరియంట్లను పుట్టిస్తాయి.

అందరూ ఒకే అక్షరం చదివితే

16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి చదివే జీన్) చేసేవాళ్ళ కష్టం వేరు. ఆ జీన్‌లోని వీ3-వీ4 భాగానికి వాడే 341ఎఫ్ ప్రైమర్ 17 బేసులు: సిసిటిఎసిజిజిజిఎన్‌జిజిసిడబ్ల్యుజిసిఎజి. ప్రతి రీడూ ఇదే మొదలు. మొదటి కొన్ని సైకిళ్ళలోనే యంత్రం క్లస్టర్లు ఎక్కడున్నాయో గుర్తించాలి, 25 సైకిళ్ళ లోపు ఏవి నమ్మదగినవో వడకట్టాలి. అందరూ ఒకే రంగులో వెలిగితే ఎవరెక్కడున్నారో విడదీయలేదు. రెండు రంగుల యంత్రంలో ఇంకా ఘోరం: 6, 7, 8 సైకిళ్ళు మూడూ జి, ఫ్లో సెల్ మొత్తం చీకటి. మందు రెండు రకాలు. ఫైఎక్స్ కలపడం ఒకటి, మైసీక్‌లో కనీసం 5 శాతం, ఇతర యంత్రాల్లో ఇంకా ఎక్కువ. రెండోది, నాకు ఎక్కువ నచ్చేది, ప్రైమర్‌కు ముందు 0 నుంచి 7 దాకా వేర్వేరు సంఖ్యలో అదనపు బేసులున్న ప్రైమర్ల సెట్ చేయించుకోవడం. ఒక్కొక్కరూ ఒక్కో అడుగు ఆలస్యంగా మొదలుపెడతారు కాబట్టి ఏ సైకిల్‌లోనైనా నాలుగు అక్షరాలూ ఉంటాయి. ఒకసారి కొంటే ఏళ్ళపాటు వస్తాయి, రీడ్లను ఫైఎక్స్‌కు ధారపోయాల్సిన పని తగ్గుతుంది.

ఇక్కడే ట్రిమ్మింగ్ మొగ్గును తీసేయకపోగా కొత్తగా పుట్టించే తీరు చూడండి. ఈ యాంప్లికాన్ (పీసీఆర్‌లో పెరిగిన ముక్క) ప్రైమర్లతో కలిపి దాదాపు 460 బేసులు. 2×300లో 140 బేసుల అతివ్యాప్తి వస్తుంది. ఆర్2 క్యూ బాగోలేదని ఆర్1ను 280 దగ్గర, ఆర్2ను 200 దగ్గర కోస్తే మిగిలేది 20. డాడా2 ప్రోగ్రాం జత కలపడానికి కనీసం 12 అడుగుతుంది. ముక్క 460 బేసులున్న జీవి గట్టెక్కుతుంది. ముక్క ఇంకో పది బేసులు పొడవైన జీవి ఒక్క రీడు కూడా లేకుండా పట్టికలోంచి మాయమవుతుంది, పొట్టిది పెరిగినట్టు కనిపిస్తుంది. మైక్రోబయోమ్‌లో ‘మార్పు’ అని రాసుకునేది కోత దగ్గర పుట్టిందేమో, ఆర్2ను 200, 215, 230 దగ్గర కోసి మూడుసార్లు నడిపి చూస్తే తెలిసిపోతుంది.

జీసీ మొగ్గు

చెన్నైలో, బెంగళూరులో క్షయ మీద పనిచేసేవాళ్ళకు ఇది రోజువారీ తలనొప్పి. మైకోబ్యాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్ జీనోమ్ 44 లక్షల బేసులు, జీసీ 65.6 శాతం. మలేరియా తెచ్చే ప్లాస్మోడియం ఫాల్సిపారం దానికి పూర్తి విరుద్ధం, జీసీ 19 శాతం దగ్గర. ఈ.కోలై కే-12 మధ్యలో, 50.8. ఒకే ప్రోటోకాల్ ఈ మూడింటికీ ఒకేలా పనిచేస్తుందనుకోవడం బియ్యానికీ కందిపప్పుకూ ఒకే ఎసరు పెట్టడం లాంటిది.

పీసీఆర్‌లో ఏం జరుగుతుందో ఒక లెక్క చూడండి. మామూలు ముక్క ప్రతి సైకిల్‌కూ 1.95 రెట్లు, గట్టి జీసీ ముక్క 1.85 రెట్లు పెరుగుతుందనుకుందాం. 5 సైకిళ్ళకు రెండోది మొదటిదాంట్లో 77 శాతం. 12 సైకిళ్ళకు 53 శాతం. ఆ ముక్క తాలూకు రీడ్ల క్యూలో ఏ తేడా ఉండదు, వచ్చినవి శుభ్రంగానే వస్తాయి, సగం రావు. కాబట్టి మొదటి మందు సైకిళ్ళు తగ్గించడం. దానికి ఎక్కువ డీఎన్ఏ కావాలి, దానికి డీఎన్ఏను నిజాయితీగా కొలవాలి. నానోడ్రాప్ పరికరం ఆర్‌ఎన్‌ఏనూ కలిపి చెబుతుంది. నానోడ్రాప్ 50 అన్నచోట క్యూబిట్ 12 అంటే మీ చేతిలో ఉన్నది 12. 50 అనుకుని 6 సైకిళ్ళు పెట్టి, లైబ్రరీ రాలేదని ఇంకో 8 కలిపితే మొగ్గు అక్కడే పుట్టింది. పీసీఆర్ లేని కిట్లకు ఒక మైక్రోగ్రాము దాకా అవసరమవుతుంది. శాంపిల్ అంత ఇవ్వగలిగితే వెనకాడొద్దు.

రెండో మందును చాలామంది పట్టించుకోరు: థర్మోసైక్లర్ వేగం. 2011లో జీనోమ్ బయాలజీలో ఎయిర్డ్ బృందం దీన్ని విడమర్చి చూపింది. బ్లాక్ మరీ వేగంగా వేడెక్కి చల్లారితే జీసీ ముక్కలు పూర్తిగా విడిపోయే సమయం దొరకదు. ప్రోటోకాల్ ఒకటే, ఎంజైమ్ ఒకటే, యంత్రం మారితే ఫలితం మారుతుంది. వాళ్ళు డీనేచరేషన్‌ను 10 సెకన్ల నుంచి 80 సెకన్లకు పెంచి, 2 మోలార్ బెటైన్ కలిపి జీసీ ముక్కల్ని వెనక్కి తెచ్చుకున్నారు. మీ ల్యాబులో రెండు సైక్లర్లుంటే ఏ ప్లేటు దేనిలో నడిచిందో రాసి పెట్టుకోండి. ఎందుకో తెలియని తేడా చాలాసార్లు ఆ గడిలోనే దొరుకుతుంది.

ఏటీ వైపు నష్టం ఇంకో చోట జరుగుతుంది. జెల్ ముక్కను 50 డిగ్రీల దగ్గర కరిగిస్తే ఏటీ ఎక్కువున్న ముక్కలు విడిపోయి కాలమ్‌కు సరిగ్గా అంటుకోవు. గది ఉష్ణోగ్రతలోనే, ఊపుతూ కరగనివ్వాలి. సమయం పడుతుంది, పట్టనివ్వండి.

బీడ్ల దగ్గర పొరపాట్లు క్లుప్తంగా: ఫ్రిజ్‌లోంచి తీశాక అరగంట బయట ఉంచాలి. 80 శాతం ఇథనాల్ ఆ రోజుదే కావాలి, వారం కిందటి సీసాలో ఉన్నది 80 కాదు. బీడ్లు పగుళ్ళిచ్చేదాకా ఆరనిస్తే పొడవు ముక్కలు తిరిగి రావు.

కొలవడానికి పికార్డ్ ప్రోగ్రాంలోని కలెక్ట్‌జీసీబయాస్‌మెట్రిక్స్ వాడండి. 100 బేసుల కిటికీలుగా జీనోమ్‌ను విడదీసి, ఏ జీసీ శాతానికి ఎంత కవరేజీ వచ్చిందో గీస్తుంది. గీత 1 దగ్గర చదునుగా ఉండాలి. ఫాస్ట్‌క్యూసీ జీసీ బొమ్మతో దీన్ని తికమక పడొద్దు. అది మీ జీనోమ్‌ను ఎరగదు, డేటాలోంచే ఒక గంట ఆకారం ఊహించుకుని దాంతో పోలుస్తుంది. అందులో రెండు మూపురాలు కనిపిస్తే మొగ్గు కన్నా ముందు కల్తీని అనుమానించండి. లాలాజలం శాంపిళ్ళలో నోటి బ్యాక్టీరియా ఇలాగే బయటపడుతుంది.

దెబ్బతిన్న అణువులు

తక్కువ శాతం వేరియంట్లు వెతికేవాళ్ళు, ముఖ్యంగా క్యాన్సర్ శాంపిళ్ళవాళ్ళు, ఆర్1నూ ఆర్2నూ విడివిడిగా చూడటం అలవాటు చేసుకోవాలి. శబ్ద తరంగాలతో డీఎన్ఏ ముక్కలు చేసేటప్పుడు శాంపిల్‌లో మలినాలుంటే గ్వానిన్ ఆక్సీకరణ చెంది, ఎ-తో జత కడుతుంది. ఆర్1లో జి నుంచి టి, ఆర్2లో సి నుంచి ఎ కనిపిస్తాయి. నిజమైన మ్యుటేషన్‌కు రీడ్ దిశతో పని లేదు, రెండు దిశల్లోనూ సమానంగా ఉంటుంది. దిశను బట్టి మారేది డీఎన్ఏ తీసిన తర్వాత జరిగిన దెబ్బ. బ్రాడ్ సంస్థ పరిశోధకులు 2013లో దీన్ని బయటపెట్టారు. మందు తేలికే: ముక్కలు చేసే బఫర్‌లో ఈడీటీఏ ఉండేలా చూడటం. డేటా ఇప్పటికే వచ్చేసి ఉంటే పికార్డ్ కలెక్ట్‌ఆక్సోజీమెట్రిక్స్‌తో కొలిచి, వేరియంట్లు వెతికే జీఏటీకేలో రీడ్ దిశ మోడల్‌తో వడకట్టండి.

ఫార్మలిన్‌లో నిల్వచేసిన కణజాల బ్లాకుల్లో సైటోసిన్ యురాసిల్‌గా మారడం వల్ల సి నుంచి టి మార్పులు వస్తాయి. లైబ్రరీకి ముందు యురాసిల్ డీఎన్ఏ గ్లైకోసిలేస్‌తో శుద్ధి చేస్తే బాగా తగ్గుతాయి. మిథైల్ చేరిన సైటోసిన్ దెబ్బతింటే మాత్రం నేరుగా టి అవుతుంది, దాన్ని ఈ ఎంజైమ్ పట్టుకోలేదు. సీజీ జంటల దగ్గర మిగిలిపోయేవి అవే.

ఇండెక్స్ గెంతడం గురించి రెండు మాటలు. గుంటల ఫ్లో సెళ్ళలో స్వేచ్ఛగా తిరిగే అడాప్టర్లు మిగిలి ఉంటే 2 శాతం దాకా రీడ్లు పక్క శాంపిల్ పేరు తగిలించుకోవచ్చు. ప్రతి శాంపిల్‌కూ రెండు వైపులా తనకే సొంతమైన ఇండెక్సులు వాడితే గెంతినవి అన్‌డిటర్మిన్డ్‌లో పడతాయి, లేకపోతే మీ డేటాలో కలిసిపోతాయి. ఆ ఫైళ్ళు అడగమన్నది ఇందుకే. మీ ఇండెక్సుల్లోనే తప్పు జోడీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే గెంతు శాతం చేతికొస్తుంది.

లైబ్రరీదా, రన్‌దా?

పై వాటిలో ఏదీ సరిపోకపోతే మార్చి చూడాలి. అదే లైబ్రరీని ఇంకో రన్‌లో కొద్దిగా, పది లక్షల రీడ్లు చాలు, చదివించండి. తేడా పోతే రన్‌ది. ఉండిపోతే అదే డీఎన్ఏ నుంచి కొత్త లైబ్రరీ చెయ్యండి. అప్పుడు పోతే లైబ్రరీది. అప్పుడూ ఉంటే డీఎన్ఏ తీసిన దగ్గరికి వెళ్ళాలి, లేదా అది నిజంగా జీవశాస్త్రమే. ఈ పరీక్ష చెయ్యాలంటే లైబ్రరీలో కనీసం ఐదు మైక్రోలీటర్లు, డీఎన్ఏలో మూడో వంతు వెనక్కి ఇవ్వమని ముందే చెప్పి ఉండాలి.

ఒక్క లోపానికి మాత్రం ఏ మందూ లేదు: రోగులందరినీ ఒక ప్లేటులో, ఆరోగ్యవంతులందరినీ ఇంకో ప్లేటులో పెట్టడం. అప్పుడు ప్లేటు తేడా, రోగం తేడా ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి, ఏ గణాంక పద్ధతీ విడదీయలేదు. 96 బావుల ప్లేటులో శాంపిళ్ళను కంప్యూటర్‌తో కలగలిపి అమర్చండి. ప్రతి ప్లేటులో రెండు బావులు ఒకే తెలిసిన డీఎన్ఏకు వదిలేయండి. మనిషి జీనోమ్ అయితే ఎన్‌ఏ12878 (అందరూ పోల్చుకోవడానికి వాడే డీఎన్ఏ), బ్యాక్టీరియా అయితే ఈ.కోలై కే-12. శాంపిల్ షీటులో ఇండెక్స్ పక్కన మరో ఐదు గడులు చేర్చండి: డీఎన్ఏ తీసిన తేదీ, క్యూబిట్ అంకె, పీసీఆర్ సైకిళ్ళు, థర్మోసైక్లర్ పేరు, బీడ్ల లాట్ నంబరు. మల్టీక్యూసీ బొమ్మలో తేడా కనిపించిన రోజు, శాంపిళ్ళను ఈ ఐదింటి ప్రకారం ఒక్కొక్కటిగా రంగులేసి చూడండి.